'ఇన్ ది వుడ్స్' ముగింపు: ఇది మోసం కాదా? (కథంతా బయటపెడుతున్నాం, చదవనివాళ్ళు ఇక్కడే ఆగండి)

రిటైర్డు_రైటర్
ఆబిడ్స్‌లో ఆదివారం పేవ్‌మెంట్ మీద 80 రూపాయలకి కొన్నాను. టానా ఫ్రెంచ్ మొదటి నవల, 2007లో వచ్చింది. మరుసటి ఏడాది అమెరికాలో క్రైమ్ రచనలకిచ్చే ఎడ్గార్ అవార్డు కూడా ఇచ్చారు. చివరి పేజీ అయ్యాక అట్ట తిప్పి చూశాను, వెనక పేజీలు ఊడిపోయాయేమోనని. కుట్టు గట్టిగానే ఉంది. అయినా నమ్మకం కుదరక కొత్త కాపీ తెప్పించాను. అదే చివరి పేజీ. ఒక్క మోసానికి రెండుసార్లు డబ్బు కట్టాను.

చదివి మర్చిపోయినవాళ్ళకి: 1984 వేసవిలో డబ్లిన్ శివారులో నాక్‌నరీ అనే ఊళ్ళో ముగ్గురు పన్నెండేళ్ళ పిల్లలు అడవిలోకి ఆడుకోవడానికి వెళ్తారు. జేమీ, పీటర్ మళ్ళీ కనబడరు. ఆడమ్ ఒక్కడు చెట్టుని కరుచుకుని దొరుకుతాడు. బూట్ల లోపల రక్తం, చొక్కా వీపున నాలుగు చీలికలు. వాడికి ఏమీ గుర్తులేదు. ఇరవై ఏళ్ళ తర్వాత వాడే రాబ్ అని పేరు మార్చుకుని డిటెక్టివ్ అవుతాడు. అదే ఊళ్ళో, పురావస్తు తవ్వకాల్లో బయటపడ్డ బలిపీఠం రాయి మీద కేటీ అనే పిల్ల శవం దొరికితే, తనెవరో పైవాళ్ళకి చెప్పకుండా ఆ కేసు తీసుకుంటాడు. కేటీ కేసు తేలుతుంది. 1984 కేసు తేలదు. 600 పేజీలు ఊరించి చేతులు దులుపుకుంది.

నా ప్రశ్న ఒక్కటే. బూట్ల లోపలికి రక్తం ఎలా వచ్చింది?

పేజీ_తిప్పు
అంకుల్, కొనేముందు నాలుగు రివ్యూలు చూడాల్సింది. ఇదే డబ్లిన్ మర్డర్ స్క్వాడ్ (రాబ్ పనిచేసే హత్యకేసుల విభాగం) మీద 2016 దాకా ఇంకో ఐదు పుస్తకాలు వచ్చాయి, ఒక్కదాంట్లోనూ చెప్పలేదు. బూట్ల సంగతి వదిలేయండి.

నావన్_నుంచి
నమస్తే అందరికీ. నేను ఐర్లండ్‌లో నర్సుని, పదేళ్ళవుతోంది. ఈ పుస్తకం ఇక్కడికి వచ్చాకే చదివాను, ఇక్కడ ఉండబట్టే అర్థమైందని కూడా అనుకుంటాను.

రైటర్ గారూ, ఇది హత్య కథ కాదండీ, రోడ్డు కథ. తవ్వకాలు అంత హడావిడిగా ఎందుకు జరుగుతున్నాయి? ఆ నేల మీదుగా మోటర్‌వే వస్తోంది కాబట్టి. కేటీ వాళ్ళ నాన్న ఆ రోడ్డుని పక్కకి జరపమని ఉద్యమం నడుపుతుంటాడు. రచయిత్రి దీన్ని గాలిలోంచి తీయలేదు. డబ్లిన్ దక్షిణాన క్యారిక్‌మైన్స్ కోట శిథిలాల మీదుగా ఎం50 రోడ్డు వేస్తుంటే 2002లో జనం అక్కడే మకాం వేసి అడ్డుకున్నారు, కోర్టుల దాకా వెళ్ళారు. 2004లో చట్టం మార్చి మరీ దారి తీశారు. తర్వాత పాతకాలం రాజులు పట్టం కట్టుకున్న తారా కొండ పక్కన లోయలోంచి ఎం3 మోటర్‌వే. సరిగ్గా ఈ నవల వచ్చిన 2007లోనే ఆ దారిలో లిస్ములిన్ దగ్గర గుండ్రంగా గుంజలు పాతిన చరిత్రపూర్వపు కట్టడం ఆనవాళ్ళు బయటపడ్డాయి. జాతీయ స్మారకం అన్నారు. కొలతలు తీసుకున్నారు, ఫోటోలు తీశారు, పైన రోడ్డు వేశారు.

ఇక ఆ పిల్లలు. ఇక్కడ పల్లెల్లో పెద్దవాళ్ళు 'వాళ్ళ' (ఫెయిరీలనే మాయజనం) పేరు నేరుగా ఎత్తరు, 'మంచివాళ్ళు' అంటారు. రాత్రిపూట పాముని మనం పురుగు అంటామే, అలా. పిల్లల్ని ఎత్తుకుపోయేది వాళ్ళేనని పాత నమ్మకం. పుస్తకంలో ఆ మాట ఎవరూ గట్టిగా అనరు, కానీ అడవి గురించి రాసిన ప్రతిచోటా అది ఊపిరి తీస్తూనే ఉంటుంది. దాన్ని తీసుకొచ్చి చేతికి బేడీలు వేసి కూర్చోబెడితే బాగుంటుందా?

స్లైగో_ట్రిప్
చిన్న సవరణ. నాక్‌నరీ డబ్లిన్ దగ్గర కాదు, స్లైగోలో ఉంది. నేను ఎక్కాను. 327 మీటర్ల కొండ, పైన మేవ్ రాణి సమాధి అని పెద్ద రాళ్ళగుట్ట, ఇంతవరకూ తవ్వలేదు. రచయిత్రికి ఈ మాత్రం తెలియదా?

నావన్_నుంచి
అది నాక్‌నరియా అండీ. ఇది కల్పిత ఊరు.

స్లైగో_ట్రిప్
ఒకటే పేరు. స్పెల్లింగ్‌లో ఒక్క అక్షరం తేడా.

రిటైర్డు_రైటర్
అమ్మా, రోడ్డు గురించి బాగా రాశావు. బూట్ల గురించి రాయలేదు.

ఇంకోటి. కేటీని చంపించింది అక్క రోజలిండ్. రాబ్‌తో పనిచేసే డిటెక్టివ్ కాసీ మైకు పెట్టుకుని వెళ్ళి దాని నోటితోనే చెప్పిస్తుంది. కానీ రోజలిండ్‌కి 17 ఏళ్ళే, మేజరు కాదు, అందుకని ఆ వాంగ్మూలం చెల్లదు. ఎందుకిలా అయింది? 18 అని ఆ పిల్ల అంటే మన హీరో నమ్మేశాడు. పుట్టినతేదీ చూసుకోలేదు! పేరు, తండ్రి పేరు, వయసు. కాగితం మీద మొదట రాసేవి ఇవే. దీన్ని విషాదం అని చప్పట్లు కొడుతున్నారు. నేనైతే మెమో ఇస్తాను.

(మన దగ్గరైతే పోలీసుల ముందు ఒప్పుకున్నది ఎలాగూ చెల్లదు, పాత సాక్ష్య చట్టంలో 25వ సెక్షన్, 2024 నుంచి భారతీయ సాక్ష్య అధినియంలో 23వ సెక్షన్. అది వేరే సంగతి.)

పేజీ_తిప్పు
రాబ్ నమ్మదగినవాడు కాదని మొదట్లో వాడే చెప్పుకుంటాడు కదా. నిజం కావాలి, అబద్ధాలూ ఆడతాను అని. పాయింటే అది.

మునకవూరు
నావన్ గారు చెప్పినంత ఏమీ లేదు. పాత రాయి, బలిపీఠం, దాని మీద పిల్ల శవం. ఎంత అందంగా అమర్చారో చూడండి! ఐర్లండ్ అంటే పొగమంచు, రాళ్ళు, దయ్యాలు అనుకునే టూరిస్టుల కోసం వేసిన సెట్టింగు. ఆవిడ పుట్టింది అమెరికాలో. చివరికి చంపించింది ఇంటిపిల్లే అయినప్పుడు ఆ రాయితో పనేమిటి?

తవ్వకాలంటే ఏమిటో మాకు తెలుసు. నాగార్జునకొండలో 1954 నుంచి ఆరేళ్ళు ఇలాగే, నీళ్ళు వచ్చేలోపు తవ్వాలని పరుగులు పెట్టారు. దొరికినవాటిని గుట్ట మీద మ్యూజియంలో పెట్టారు. శ్రీశైలం డ్యామ్ అప్పుడు కూడవెల్లి సంగమేశ్వరుణ్ణి రాయి రాయి విప్పి అలంపురం తెచ్చి మళ్ళీ పేర్చారు. మా ఊరిని విప్పలేదు, పేర్చలేదు. 1981లో ఖాళీ చేయించారు. ఎండాకాలం నీళ్ళు బాగా తగ్గితే మా నాయనమ్మ ఇంటి అరుగు బయటపడుతుంది. దాని మీద ఎండిన బురద పెంకులు పెంకులుగా లేస్తుంది, కాలు పెడితే పటపటమంటుంది. వారసత్వం అంటే నాకు అది. శవం పెట్టుకోవడానికి బల్ల కాదు.

నావన్_నుంచి
మీ బాధ అర్థమైంది. కానీ పుస్తకానికి అన్యాయం చేస్తున్నారు. ఆవిడ 1990 నుంచీ డబ్లిన్‌లోనే ఉంటోంది. పైగా అసలు చివరి సన్నివేశమే మీరు చెప్పింది. రాబ్ మళ్ళీ ఆ ఊరికి వెళ్తాడు. బుల్డోజర్లు పని మొదలుపెట్టేశాయి. ఒక కూలీ మట్టిలో దొరికిన చిన్న లోహపు బిళ్ళ చూపిస్తాడు, దాని మీద దుప్పి కొమ్ములున్న మనిషి బొమ్మ. రాబ్ ఏం చేస్తాడు? నువ్వే ఉంచుకో అంటాడు. అంతే! ఆ పిల్లలకి ఏమైందో చెప్పగలిగేది ఏదైనా ఉంటే అది ఆ మట్టిలోనే ఉంది, దాని మీద రోడ్డు వేస్తున్నారు. జవాబు లేకపోవడం కాదు, జవాబుని పూడ్చేయడం.

మునకవూరు
ఆ బిళ్ళ సంగతి నాకు గుర్తులేదు.

పేజీ_తిప్పు
అన్నా, మీరు పుస్తకం చదివారా?

మునకవూరు
సీరియల్ చూశాను. 'డబ్లిన్ మర్డర్స్', 2019ది. ఎనిమిది ఎపిసోడ్లూ చూశాను.

పేజీ_తిప్పు
చంపేశారు పొండి. రెండు నవలలు కలిపి చేసిన సీరియల్ అది. రెండు రోజులుగా దాని మీదా మా యుద్ధం!

మునకవూరు
రాయి అదే కదా. శవం అదే కదా. నావన్ గారు 'పూడ్చేయడం' అని ఎంత అందంగా రాశారో! నాదొక ప్రశ్న, సూటిగా చెప్పండి. మీరు నావన్‌లో ఉంటారు. డ్యూటీకి ఏ రోడ్డు మీద వెళ్తారు?

నావన్_నుంచి
ఎం3 మీదే. 2010 నుంచీ అందరం దాని మీదే. టోల్ కట్టి మరీ. 12 గంటల నైట్ డ్యూటీ చేసి ఇంటికి తొందరగా చేరాలనుకోవడం తప్పైతే తప్పే. డబ్లిన్‌లో అద్దెలు కట్టలేకే ఇంత దూరం వచ్చాం. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళూ అదే రోడ్డెక్కుతున్నారు. క్లేర్ కౌంటీలో 1999లో ఒకే ఒక్క ముళ్ళచెట్టు 'మంచివాళ్ళది' అని ఒకాయన గొడవ చేస్తే, లాటూన్ దగ్గర ఆ చెట్టుని ఉంచి రోడ్డు వేశారు. అదీ ఈ దేశమే, లిస్ములిన్ మీద తారు పోసిందీ ఈ దేశమే. ఆ రెండూ ఒకే మనిషిలో ఉంటాయి. రాబ్ అలాంటివాడే.

రిటైర్డు_రైటర్
రాబ్ అలాంటివాడు కాదు. వాడు స్వార్థపరుడు. మీరంతా రోడ్డు, రాయి, ముళ్ళచెట్టు. ఇద్దరు పిల్లలు పోయారు మహాప్రభో. వాళ్ళ గురించి ఎవరైనా మాట్లాడతారా? పాఠకుడికి మాట ఇచ్చి తప్పడం సాహిత్యం కాదు, దగా. ఇలాంటివాటికి అవార్డులిచ్చేవాళ్ళని అనాలి.

పేజీ_తిప్పు
సార్, ఒక మాట అంటాను, కోపం తెచ్చుకోకండి. మీరూ రైటరే కదా. మీ కథలు ఎవరూ వేసుకోకపోతే, అవార్డు వచ్చినావిడ మీద ఇంత కడుపుమంట దేనికి? 80 రూపాయల పుస్తకానికి నాలుగు వేల రూపాయల ఏడుపు.

రిటైర్డు_రైటర్
బాబూ, నేను కథలు రాసే రైటర్ని కాదు. స్టేషన్ రైటర్ని. పోలీస్ స్టేషన్. ఫిర్యాదులు, ఎఫ్‌ఐఆర్‌లు, జనరల్ డైరీ రాయడం నా పని. 31 ఏళ్ళు అదే చేశాను.

తొంభైల్లో ఒక మండలం స్టేషన్లో ఉండగా మిస్సింగ్ కేసు ఒకటి. పద్నాలుగేళ్ళ పిల్లాడు. గేదెలు తోలుకెళ్ళాడు, గేదెలు ఇంటికొచ్చాయి, వాడు రాలేదు. కాగితం రాసింది నేనే. వయసు, రంగు, ఒంటి మీద చొక్కా, ఎడమ మోచేతి మీద కాలిన మచ్చ. వెతికాం, వెతకాల్సినంత వెతకలేదు, అది నేను ఒప్పుకుంటాను. తర్వాత ఎలక్షన్ల బందోబస్తు వచ్చింది, ఎస్సై మారాడు.

వాళ్ళమ్మ సంత రోజు వచ్చేది. ప్రతి వారం. తట్ట బయట మెట్టు మీద పెట్టి లోపలికొచ్చి నా బల్ల ముందు నిలబడేది. ఏమీ అడిగేది కాదు. నేను రిజిస్టర్ తీసి పేజీలు తిప్పేవాణ్ణి. అందులో ఏమీ లేదని నాకు తెలుసు. అయినా ఆవిడ ముందు వేలు పెట్టి వరస వరస చదివినట్టు చేసి, 'ఇంకా ఏం రాలేదమ్మా' అనేవాణ్ణి. వెళ్ళిపోయేది. మూడేళ్ళు. నాకు బదిలీ అయ్యేదాకా.

ఇప్పుడు చెప్పండి. ఆవిడకి నేను 'జవాబు మట్టిలో ఉందమ్మా, దాని మీద రోడ్డు వేశారు' అని చెప్పాలా? ఈ పుస్తకంలో తల్లులకి ఎన్ని పేజీలున్నాయో లెక్కపెట్టండి. హీరో గారి గుండెకోతకి ఎన్ని పేజీలున్నాయో అవీ లెక్కపెట్టండి.

పేజీ_తిప్పు
సారీ సార్. కడుపుమంట అన్నందుకు. తెలీదు నాకు.

మునకవూరు
రైటర్ గారూ, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఆ తల్లికి మీరు ఇవ్వలేనిది టానా ఫ్రెంచ్ మీకు ఇవ్వాలా?

మా నాయనమ్మ పోయేదాకా 'ఎప్పుడు వెళ్దాం' అనే అడిగేది. ఏం చెప్పలేక మా నాన్న 'ఈ ఎండాకాలం' అనేవాడు. అబద్ధమే. నాకు ఆ సీరియల్ నచ్చనిదీ అందుకే అనుకుంటా, ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. అందులో ఎవరూ అలాంటి అబద్ధం ఆడరు.

నావన్_నుంచి
పుస్తకంలో ఆడతారండీ. రాబ్ ఆడేవి అవే.

రిటైర్డు_రైటర్
వాడు తనకోసం ఆడతాడు. మునకవూరు గారి నాన్నగారు ఆడింది తల్లి కోసం. రెండూ ఒకటి కావు, ఈ విషయంలో నేను దిగిరాను.

టానా ఫ్రెంచ్ నాకేమైనా బాకీయా అన్నారు. కాదు. కానీ 600 పేజీలు ఆ బల్ల ముందు నన్ను నిలబెట్టింది కదా. ఆ పని నేను చేసినప్పుడు నాకు సిగ్గేసింది. ఆవిడకి వేసినట్టు లేదు.

నావన్_నుంచి
ఇది నేను ఆలోచించలేదు. ఒప్పుకోవడం లేదు, కానీ ఆలోచించలేదు.

స్లైగో_ట్రిప్
మ్యాప్ చూశాను. నాక్‌నరీ అని డబ్లిన్ చుట్టుపక్కల నాకు ఏ ఊరూ కనబడలేదు. నేను చెప్పింది అదే.

పేజీ_తిప్పు
కల్పితం బ్రో. కల్పితం.

రిటైర్డు_రైటర్
నా దగ్గర రెండు కాపీలున్నాయి. మునకవూరు గారూ, చదవకుండా వాదించారు కాబట్టి ఒకటి మీకు. అడ్రస్ మెసేజ్‌లో పంపండి, పోస్టు ఖర్చు నాదే. కొత్తది పంపనా, పాతదా?

మునకవూరు
పాతదే పంపండి. చివర్లో పేజీలేమైనా ఊడాయేమో నేనూ ఒకసారి చూస్తాను.