కొనడానికి ఫోన్ చేసినోళ్లను "ఒకటి నొక్కండి, రెండు నొక్కండి" అని తిప్పడం సబబేనా?

రాయదుర్గం డెనిమ్:
ముందే చెప్తున్నా, రిపేర్లు, కంప్లయింట్ల లైన్ గురించి కాదు ఈ చర్చ. అమ్మకాల లైన్ గురించి. డబ్బులు పట్టుకుని "మీ సరుకు కావాలయ్యా" అని పోయినోడిని మెనూలో తిప్పడం న్యాయమేనా? కాదంటాను. చిన్న గిరాకీని తరిమేయడానికి ఇంతకంటే మంచి ఉపాయం ఇంకోటి లేదు.

మాది జీన్స్ కుట్టే చిన్న యూనిట్. బెల్టు లూపులు, జేబు మూలలు ఊడకుండా గట్టి కుట్టు పడాలంటే బార్‌టాక్ మెషిన్ కావాల. ఉన్నది మూలకు పడింది. పేరున్న ఒక కంపెనీ లైన్‌కు చేస్తే ఇంగ్లీషా, హిందీనా అనింది. తెలుగు లేదు, పోనీలే. తర్వాత "మీకు ఎన్ని యంత్రాలు కావాలి?" యాభై పైన అయితే ఒకటి, పది పైన అయితే రెండు, పది లోపు అయితే మూడు. మూడు నొక్కినా. "మా వెబ్‌సైట్ చూడగలరు, ధన్యవాదాలు" అని కట్ చేసేసింది. మళ్లీ చేసి ఈసారి రెండు నొక్కినా (అబద్ధమే, ఏం చేద్దాం). ఇప్పుడు జీఎస్టీ నంబరు కావాలంట, అదీ నోటితో చెప్పాలంట. 15 అక్షరాలు. మొదట్లో ఉండే 37, అంటే మన రాష్ట్రం కోడ్ దాకా బాగానే పట్టుకునింది. అక్కడినుంచి పాన్ అక్షరాలు మొదలవుతాయి కదా, బి అంటే డి అంటాది, పి అంటే టి అంటాది. వెనకాల మెషిన్ల మోత వేరే. "క్షమించండి, అర్థం కాలేదు."

నాకు కావాల్సింది రెండే ముక్కలు. రేటెంత, ఎన్నాళ్లకు వస్తాది.

తుంగభద్ర గట్టు:
అన్నా, కోపం న్యాయమే. కానీ అవతలి గదిలో కూర్చున్నోడిగా నా మాటా వినండి. కర్నూలుకు తిరిగి రాకముందు బెంగళూరులో ఇట్లాంటి అమ్మకాల లైన్‌లోనే టీమ్ లీడర్‌గా చేసినా. ఆ నంబరుకు వచ్చేవాళ్లంతా కొనేవాళ్లు కారు. ఉద్యోగం ఉందా అని అడిగేవాళ్లు, రేట్లు లాగడానికి చేసే పోటీ కంపెనీల వాళ్లు, అన్నిటికంటే ఎక్కువగా రిపేరు గిరాకీలు. సర్వీసు లైన్ ఎవరూ ఎత్తరని వాళ్లకు తెలుసు, అందుకే అమ్మకాల బటన్ నొక్కుతారు. జల్లెడ పట్టకుండా ఎట్లా?

ప్రొద్దుటూరు పచ్చళ్లు:
తమ్ముడూ, నీ నోటితోనే చెప్పినావు. సర్వీసు లైన్ ఎత్తితే వాళ్లెందుకొస్తారు ఇటుపక్క? అక్కడ మనుషుల్ని పెట్టకుండా మిగిలించుకుని, దాని శిక్ష ఇక్కడ కొనేవాళ్లకు వేస్తారా?

నాది ఇంకో బాధ. పౌచ్ సీలింగ్ మెషిన్ రేటు అడుగుదామని నంబరు నొక్కితే, "మా ప్రతినిధి మీకు ఫోన్ చేస్తారు" అనింది. చేయలేదు. నేను వేరేచోట కొనుక్కుని పని మొదలుపెట్టినాక మొదలైనాయమ్మా ఫోన్లు. 140తో మొదలయ్యే నంబర్ల నుంచి, పొద్దున పప్పు పొయ్యి మీదున్నప్పుడు ఒకటి, మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు ఒకటి. వద్దు తల్లీ అంటే "మీరే విచారించారు కదా మేడం" అంటాది. 1909కు చెప్పి అమ్మకాల ఫోన్లు వద్దని డీఎన్‌డీ పెట్టించుకున్నాక కొంచెం నెమ్మది. అమ్మాల్సిన రోజు అమ్మరు, అక్కర్లేనప్పుడు వెంటపడతారు.

ఆదోని జిన్నింగ్:
మేము మిల్లు రోలర్ల కోసం కోయంబత్తూరులో ఒక చిన్న తయారీదారుకు చేస్తే ఓనరే ఎత్తినాడు. వచ్చీరాని తెలుగు, మధ్యలో అరవం. సైజు చెప్పినాము, వాట్సాప్‌లో ఫొటో పెట్టినాడు, కిందనే రేటు రాసినాడు. సాయంత్రానికి అడ్వాన్స్ వేసినాము. మెనూ లేదు, మర్యాద ఉంది.

తుంగభద్ర గట్టు:
రేపు ఆయనకు కాల్స్ వందల్లోకి పోతే ఆయనా మెనూ పెడతాడు, చూస్తూ ఉండండి.

కానీ ఒక విషయంలో మీ పక్కే మాట్లాడతా. మెనూ ఎన్ని కొమ్మలుగా చీలిస్తే అంత చేటు. డెన్మార్క్ గణితవేత్త ఎర్లాంగ్ టెలిఫోన్ ఎక్స్ఛేంజీలో కూర్చుని 1917లోనే ఈ క్యూల లెక్క వేసిపెట్టినాడు. పదిమంది ఏజెంట్లు ఒకే క్యూ చూసుకుంటే కాచుకునే టైము తగ్గుతాది. అదే పదిమందిని ఐదు బటన్ల కింద ఇద్దరిద్దరుగా పంచితే, ఒక బటన్ కింద ఇద్దరూ గోళ్లు గిల్లుకుంటా ఉంటారు, పక్క బటన్ కింద జనం పాట వింటా ఉంటారు. మా ఆఫీసులో ఇది చెప్తే మేనేజర్ ఒప్పుకోలేదు. ఆయనకు ఎవరు ఏ బటన్ నొక్కినారో తెలిపే రిపోర్టు కావాల, గిరాకీ కాదు.

కడప కోర్టు వీధి:
చట్టం సంగతి అడుగుతారని రాస్తున్నా. కస్టమర్ కేర్ కాల్స్‌లో 95 శాతం 90 సెకన్లలోపు మనిషి ఎత్తాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ పెట్టిన నియమం టెలికాం కంపెనీలకే, కుట్టు మెషిన్లు అమ్మేవాళ్లకు కాదు. 1860తో మొదలయ్యే నంబరు టోల్ ఫ్రీ కాదు, 1800తో మొదలయ్యేది మాత్రమే. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో తెలుగులో మాట్లాడొచ్చు. వ్యాపారానికి కొన్నవాళ్లు మామూలుగా 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద వినియోగదారులు కారు, కానీ స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నవాళ్లకు మినహాయింపు ఉంది. ఇవన్నీ కొన్న తర్వాతి సంగతులు. కొననియ్యకపోవడం మీద కేసు ఏం వేస్తారు?

రాయదుర్గం డెనిమ్:
కేసు ఎవరికి కావాల సార్. జీఎస్టీ సంగతి మాత్రం మీరే చెప్పండి. మా ఊళ్లో సగం యూనిట్లు జాబ్ వర్క్ మీద బతికేవి. కుట్టుకూలి సేవ కిందికి వస్తాది, ఏడాదికి 20 లక్షల లోపు అయితే రిజిస్ట్రేషనే అక్కర్లేదు కదా. మరి ఆ నంబరు లేనోడు మెషిన్ కొనకూడదా? ఆ ప్రశ్న రాసినోడు మా పక్క ఊళ్లు ఎప్పుడూ చూసి ఉండడు.

గడియార స్తంభం డీలర్:
అందరూ మెనూ మీద పడి కొడుతున్నారు. అసలు గుట్టు అది కాదప్పా. అనంతపురంలో డీలర్‌షిప్ నడుపుతున్నోడిని, చెప్తా వినండి. కంపెనీ ఫోన్లో రేటు చెప్పదు. చెప్పకూడదు. చెప్తే డీలర్ల నోట్లో మట్టే. నా రేటులో లారీ బాడుగ ఉంటాది, బిగించేది ఉంటాది, మీ కుట్టేవాళ్లకు రెండు పూటలు నేర్పించేది ఉంటాది, మొదటి ఏడాది దారం తెగుతాందని ఫోన్ చేసినప్పుడల్లా మా పిల్లోడు బండేసుకుని వచ్చేది ఉంటాది. బళ్ళారి డీలర్ రేటు వేరు, ఆయన లెక్క వేరు. అందుకే ఆ ఫోన్ మెనూ మిమ్మల్ని నా దగ్గరికి తోలేదాకా అటూ ఇటూ తిప్పతాది.

ప్రొద్దుటూరు పచ్చళ్లు:
అయితే ఆ ముక్కే మొదట చెప్పొచ్చు కదన్నా. "రేటు మీ జిల్లా డీలర్ చెప్తాడు, నంబరు ఇది" అని. పిన్‌కోడ్ ఒకటి నొక్కించుకుంటే చాలు. ఎన్ని మెషిన్లు, ఏం పరిశ్రమ, జీఎస్టీ, ఇవన్నీ ఎవరి కోసం?

గడియార స్తంభం డీలర్:
పెద్ద ఆర్డరైతే కంపెనీ నేరుగా తినేయడానికమ్మా. యాభై పైన అయితే ఒకటి నొక్కమనింది చూడు, ఆ కాల్ నాదాకా రాదు. మిగిలింది డీలర్‌కు. పది లోపయితే డీలర్‌కూ లేదు, వెబ్‌సైట్‌కు. మా మీటింగుల్లో నేనూ అరిచినా, ఒక్క మెషిన్ కొన్నోడే మూడేళ్లకు ఆరు కొంటాడని. ఎవరు వింటారు.

తుంగభద్ర గట్టు:
ఇది మాకు ట్రైనింగ్‌లో చెప్పలేదు.

రాయదుర్గం డెనిమ్:
అన్నా, బార్‌టాక్ ఉందా నీ దగ్గర?

గడియార స్తంభం డీలర్:
ఎందుకు లేదు, స్టాకులోనే ఉంది. విడిగా మెసేజ్ పెట్టు.

రాయదుర్గం డెనిమ్:
విడిగా ఎందుకు, ఇక్కడే చెప్పన్నా రేటు. అందరూ చూస్తారు.

గడియార స్తంభం డీలర్:
అదొక్కటి అడగొద్దు సామీ. బళ్ళారి ఆయన కూడా చదువుతా ఉంటాడు ఇది.