అప్‌డేట్: ఎల్‌హెచ్‌బీ కోచ్ చప్పుడుకి కారణం దొరికింది

ఎల్‌హెచ్‌బీ (ఒక రకం రైలు పెట్టె) కోచ్‌లో ఒక చక్రం దగ్గర టకటక చప్పుడు వస్తోంది, ఆక్సిల్ బాక్స్ (ఇరుసు చివర బేరింగ్ ఉండే పెట్టె) మాత్రం వేడెక్కట్లేదు, బేరింగ్ పోయిందా అని అడిగాను కదా. బేరింగ్ కాదు.

చక్రం ఒక చుట్టు తిరిగితే ఎన్ని దెబ్బలు వినిపిస్తున్నాయో ముందు లెక్కపెట్టమన్నవాళ్లకి చాలా థాంక్స్. కొత్త చక్రం వ్యాసం 915 మి.మీ., చుట్టుకొలత దాదాపు 2.87 మీటర్లు. గంటకు 100 కి.మీ. వేగంలో సెకనుకి పది చుట్లలోపే. రికార్డింగ్ నెమ్మదిగా వింటే చుట్టుకి ఒక్క దెబ్బే. బేరింగ్ రేసు (రోలర్లు దొర్లే రింగు) పెచ్చు లేచి ఉంటే చుట్టుకి చాలాసార్లు కొట్టేది.

పిట్ లైన్ (కింద గుంత ఉండే తనిఖీ పట్టాలు) మీద కోచ్‌ని కొద్దికొద్దిగా జరుపుతూ చూశాం. ట్రెడ్ (చక్రం పట్టాని తాకే భాగం) మీద ఒకచోట నున్నగా అరిగి మెరుస్తోంది, అంచులు నీలం తిరిగాయి. ఇలా చదునుగా అరిగిన చోటే ఫ్లాట్. కోచ్‌లకి దాని పొడవు పరిమితి 50 మి.మీ.; ఇది దాటేసింది. అవతలి చక్రం మీదా సరిగ్గా అదే చోట మచ్చ. అంటే ఇరుసు మొత్తం లాక్ అయి జారింది.

ఎందుకు లాక్ అయిందన్నదే నాకు ముఖ్యం. ఆ ఇరుసు స్పీడ్ సెన్సర్ కనెక్టర్‌లోకి నీళ్లు చేరి, పిన్నులు పచ్చగా చిలుం పట్టాయి. దాంతో చక్రం జారుతున్న సంగతి అందక, బ్రేకు గాలి వదిలేయాల్సిన డంప్ వాల్వ్ బ్రేకు వదల్లేదు. చక్రాలు టర్నింగ్ చేసి (లేత్ మీద చెక్కి మళ్లీ గుండ్రంగా చేసి) ఊరుకుంటే మళ్లీ ఇదే కథ. కనెక్టర్ మార్చి, డబ్ల్యూఎస్‌పీ (బ్రేకు వేసినప్పుడు చక్రాలు జారకుండా చూసే వ్యవస్థ) టెస్ట్ చేశాకే కోచ్‌ని వదిలాం. మిగతా ఇరుసుల కనెక్టర్లు కూడా విప్పి చూస్తున్నాం.