అప్‌డేట్: కోర్టులో ఒక మూల గట్టిగా తగలడానికి కారణం దొరికింది

మా బ్యాడ్మింటన్ కోర్టు వెనక మూలలో ఎగిరి దిగితే మోకాళ్లు అదురుతున్నాయి, మ్యాట్ మార్చాలా అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు. ‘మ్యాట్ జోలికి పోకుండా చెక్క పలకలు లేపి చూడండి’ అన్న మాటే పనికొచ్చింది.

మేస్త్రీ పలకలు విప్పితే, రీపర్ల (పలకలను మోసే సన్నటి చెక్క బద్దీల) కింది రబ్బరు ప్యాడ్లు తేమకు జిగురు వదిలి పక్కకు జరిగిపోయాయి. చెక్క నేరుగా కాంక్రీటు మీదే కూర్చుంది. కొన్నిచోట్ల ప్యాడ్లకు బదులు ప్లైవుడ్ ముక్కలు దూర్చారు! పిల్లలు ఆడే చోట ఇది చాలా అన్యాయం. కొత్త ప్యాడ్లు బిగించి, అడుగున మందపాటి పాలిథీన్ షీటు పరిచాం. ఇప్పుడు అడుగుల చప్పుడు కోర్టంతా ఒకేలా ఉంది.

బూట్లకు, మ్యాట్ మందానికి దీనితో సంబంధమే లేదు. కొత్తగా వేయించేవారు ఈఎన్ 14904 (ఇండోర్ క్రీడల నేలలకు యూరప్ ప్రమాణం) పరీక్ష నివేదిక అడగండి: దాని ప్రకారం దెబ్బలో కనీసం 25 శాతం నేలే పీల్చుకోవాలి.