అప్‌డేట్: 1992 సీజన్ పుస్తకం పూర్తయింది

గుండ్రంగా తిరిగే కార్ల పందెంలో కథ ఏముంటుంది, ఉంటే ఒక సీజన్ పుస్తకం చెప్పండి అని నెల క్రితం అడిగాను. ఎక్కువ మంది 1992 నాస్కార్ (అమెరికా కార్ల రేసింగ్ పోటీ) సీజన్ పుస్తకమే చదవమన్నారు.

రేసు రేసుకీ వచ్చే పాయింట్లు కలిపి సీజన్ టైటిల్ ఇస్తారు. మొదట్లో ఆ పాయింట్ల లెక్కలకు ఆవలింతలు వచ్చిన మాట నిజం. చివర్లో ఆ లెక్కలే నిద్ర పట్టనివ్వలేదు. నవంబరు 15, అట్లాంటాలో సీజన్ చివరి రేసు. రేసు గెలిచింది బిల్ ఎలియట్, టైటిల్ మాత్రం 10 పాయింట్ల తేడాతో అలన్ కుల్వికీది! రేసులో ఎక్కువ ల్యాపులు (ట్రాక్ చుట్లు) ముందున్నవారికి 5 పాయింట్ల బోనస్. కుల్వికీ 103, ఎలియట్ 102. ఆ ఒక్క ల్యాపు అటు పోయి ఉంటే పాయింట్లు సమానం, ఎక్కువ రేసులు గెలిచినందుకు టైటిల్ ఎలియట్‌దే.

చిన్న సొంత జట్టుతో నెట్టుకొచ్చిన ఇంజనీరు కుల్వికీ, తన థండర్‌బర్డ్ కారు ముందున్న పేరులో మొదటి రెండు ఇంగ్లీషు అక్షరాలు తీసేసి 'అండర్‌బర్డ్'గా నడిపాడు, గెలుస్తాడని ఎవరూ అనుకోని 'అండర్‌డాగ్'ను గుర్తుచేసేలా. ఆ పేజీ రెండుసార్లు చదివాను. పాత తరం దిగ్గజం రిచర్డ్ పెట్టీకి చివరి రేసు, తర్వాతి తరం స్టార్ జెఫ్ గోర్డన్‌కు మొదటిదీ అదేనట. నాకు అప్పటికి అవేవీ పట్టలేదు.

1993 ఏప్రిల్ 1న విమాన ప్రమాదంలో కుల్వికీ పోయాడని మీరెవరూ ముందే చెప్పకపోవడం మంచిదైంది. అదే టైటిల్ కోసం చివరి రేసు దాకా పోటీపడిన డేవీ అల్లిసన్ కూడా జులైలో హెలికాప్టర్ ప్రమాదంలో పోయాడు. అతని గురించి ఏం చదవాలో చెప్పండి.