అమ్మకి గ్రీన్ కార్డు: సర్టిఫికెట్‌లో పేరు తేడా, లాయర్ కావాలా?

తెనాలి_వాసి (డల్లాస్):
నమస్కారమండీ. పోయిన నెల నాకు సిటిజన్‌షిప్ ఓత్ అయింది. నాన్నగారు పోయి ఏడాదిన్నర, అమ్మ ఊళ్లో ఒక్కతే ఉంటోంది. ఇప్పుడు విజిటర్ వీసా మీద మా దగ్గరికొచ్చి రెండు నెలలు. అమ్మ గ్రీన్ కార్డుకి నేను వేయాల్సిన పిటిషన్, ఐ-130, వేద్దామంటే, నా బర్త్ సర్టిఫికెట్‌లో అమ్మ పేరు సీతమ్మ అని ఉంది, పాస్‌పోర్టులో సీతామహాలక్ష్మి. నేను ఇంట్లోనే పుట్టాను, తాతయ్య పంచాయతీ ఆఫీసుకెళ్లి కోడల్ని ఇంట్లో ఏమని పిలుస్తారో అదే రాయించి వచ్చాడు. అమ్మది 1957 పుట్టుక, ఆమెకి అసలు సర్టిఫికెట్టే లేదు. ఇక్కడ మనవాళ్లదే ఒక కన్సల్టెన్సీ ఉంది, 2,800 డాలర్లు అడిగారు, పేరు తేడా ఏం కాదు మేం చూసుకుంటాం అని ఖాళీ ఫారాల మీద సంతకాలు పెట్టమన్నారు. నేను పెట్టలేదు గానీ అప్పట్నుంచీ ఒకటే టెన్షన్. ఫిబ్రవరిలో తమ్ముడి పెళ్లి, అమ్మ వెళ్లి తీరాలి.

గుంటూరు_అక్క (న్యూజెర్సీ):
తమ్ముడూ, పెట్టకపోవడం చాలా మంచిపని చేశావు. అందులో ఒక్క ముక్క తప్పు పడినా జవాబు చెప్పాల్సింది నువ్వే, వాళ్లు కాదు. వేరేవాళ్లు ఫారం నింపితే ప్రిపేరర్ అని వాళ్ల పేరు రాసి వాళ్లూ సంతకం చేయాలి, దానికి ఒప్పుకోనివాళ్ల గడప తొక్కొద్దు. నీ తరఫున జి-28 (ప్రతినిధిగా ఉంటున్నామని చెప్పే ఫారం) వేసి ఇమ్మిగ్రేషన్ వాళ్లతో మాట్లాడే హక్కు లాయర్‌కి ఉంటుంది, లేదా జస్టిస్ డిపార్ట్‌మెంట్ గుర్తింపు ఉన్న ప్రతినిధికి. ఆ ప్రతినిధులు స్వచ్ఛంద సంస్థల్లో ఉంటారు, ఫీజు తక్కువ, జాబితా ఆ డిపార్ట్‌మెంట్ వెబ్‌సైట్లోనే ఉంటుంది. లాయరైతే స్టేట్ బార్ (రాష్ట్రంలో లాయర్ల సంస్థ) సైట్లో పేరు కొట్టి లైసెన్స్ చూసుకో. ఇది ఫెడరల్ చట్టం కాబట్టి టెక్సస్ లాయరే కానక్కర్లేదు. మొత్తం కేసు అప్పజెప్పే స్తోమత లేకపోతే గంట కన్సల్టేషన్ తీసుకుని చిక్కున్న ప్రశ్నలు అడిగేసెయ్, ఐ-130 నువ్వే ఆన్‌లైన్‌లో వేసుకోవచ్చు. 2024 ఏప్రిల్లో పెంచాక ఆన్‌లైన్‌లో 625, పేపర్ మీదైతే 675 డాలర్లు.

పెళ్లి సంగతి మాత్రం జాగ్రత్త. అమ్మ ఇక్కడే ఉండి గ్రీన్ కార్డుకి అప్లై చేసే ఫారం ఐ-485 వేస్తే, అడ్వాన్స్ పెరోల్ (బయటికెళ్లి తిరిగి రావడానికి ముందస్తు అనుమతి) చేతికొచ్చే దాకా అమ్మ దేశం దాటకూడదు, దాటితే ఆ అప్లికేషన్ వదిలేసుకున్నట్టే లెక్క. ఫిబ్రవరిలోపు వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. మేమైతే ఐ-130 వేసి అమ్మని ఇంటికి పంపించాం, వీసా ఇంటర్వ్యూ ముంబయిలోని అమెరికా కాన్సులేట్‌లో జరిగింది.

బాపట్ల_శ్రీను:
అన్నా, పేరు సంగతి ముందు ఊళ్లో తేల్చుకోండి. జనన మరణాల చట్టంలో సెక్షన్ 15 కింద రిజిస్టర్‌లో తప్పు దిద్దొచ్చు. పాత ఎంట్రీని కొట్టేయరు, పక్కన మార్జిన్లో సరైనది రాసి సంతకం, తేదీ వేస్తారు. విషయం తెలిసిన ఇద్దరు పెద్దమనుషుల డిక్లరేషన్ కావాలి. మా నాయనమ్మ పేరుకి మేం ఇలాగే చేయించాం, సెక్రటరీ పాత రిజిస్టర్ తీస్తే పేజీ అంచులు చేతిలోనే పొడిపొడిగా రాలాయి, అందుకే ఆలస్యం చేయొద్దంటున్నా. అమ్మగారికి జనన రికార్డు లేదని చెప్పే నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ తీసుకుని, ఆమె పుట్టుక ఎరిగిన పెద్దవాళ్ల అఫిడవిట్లు జతచేయండి. తెలుగు కాగితాలకి ఇంగ్లీష్ అనువాదం రెండు భాషలూ బాగా వచ్చిన వాళ్లెవరైనా చేసి, పూర్తిగా సరిగ్గా ఉందని రాసి సంతకం పెడితే చాలు, వందల డాలర్లు తగలెయ్యకండి.

పెద్దాయన_ఆస్టిన్:
బాబూ, ఇంతకీ అమ్మగారిని అడిగారా? అందరూ ఫారాల గురించే చెప్తున్నారు. గ్రీన్ కార్డంటే ఇక్కడ కాపురం ఉండటానికి, వచ్చిపోవడానికి కాదు. ఆర్నెల్లు దాటి బయటుంటే ఎయిర్‌పోర్టులో ప్రశ్నలు మొదలవుతాయి, ఏడాది దాటితే కార్డుకే ఎసరు. ముందుగా రీఎంట్రీ పర్మిట్ (తిరిగి రావడానికి అనుమతి పత్రం) తీసుకుంటే రెండేళ్ల వరకు కొంత వెసులుబాటు. అరవై అయిదు దాటిన వాళ్లకి ఇక్కడ అయిదేళ్లు ఉంటే గానీ మెడికేర్ (ప్రభుత్వ ఆరోగ్య బీమా) కొనుక్కునే వీల్లేదు, అప్పటిదాకా ఇన్సూరెన్స్ భారం మీదే. ఐ-864 మీద సంతకం పెట్టి ఆమె పోషణ మీ బాధ్యతని ఒప్పుకుంటున్నారు కూడా. ఇంకోటి, ఐ-130 వేశాక విజిటర్‌గా మళ్లీ వద్దామంటే, ఉండిపోవడానికే వస్తున్నారని అనుమానపడొచ్చు. ఇది లాయర్‌ని తప్పక అడగండి.

తెనాలి_వాసి (డల్లాస్):
అందరికీ ధన్యవాదాలు. పెద్దాయన గారూ, నిజం చెప్పాలంటే అడగలేదండీ. రాత్రి అన్నం తిన్నాక అడిగాను. చాలాసేపు పళ్లెం వంకే చూస్తూ కూర్చుని, "ఆర్నెల్లు నీ దగ్గర, ఆర్నెల్లు మన ఇంట్లో ఉంటానయ్యా, మీ నాన్న పెట్టిన కొబ్బరిచెట్లు చూసేవాళ్లు లేరు" అంది. కన్సల్టెన్సీకి వద్దని మెసేజ్ పెట్టేశాను. ఎటు తేలినా పేరు దిద్దించక తప్పదు కాబట్టి తమ్ముడు సోమవారం పంచాయతీ సెక్రటరీని కలుస్తున్నాడు. మంగళవారం లాయర్ టైమిచ్చారు, అమ్మని కూడా పక్కన కూర్చోబెట్టుకుని, ఆమె అడిగిన ఆర్నెల్ల మాటే మొదట అడుగుతాను.