జక్కన ముఖం ఎవరు చూశారు? ఊహాచిత్రానికి సేకరణలో చోటివ్వాలా?

మల్లేశ్వరం_శ్రీను:
బెంగళూరులో ఉన్న మన సేకరణ పిచ్చోళ్ళందరికీ ఒక ప్రశ్న. నేను శిల్పుల ముఖచిత్రాలు పోగేస్తాను, అవీ అరచేతిలో పట్టేంత చిన్నవే. నోట్లు, స్టాంపులు, పతకాల నకళ్ళు, బుల్లి పెయింటింగులు. ఈసారి చిత్రసంతెకి వెళ్తే కుమారకృప రోడ్డు మీద ఒకాయన దగ్గర మైసూరు శైలిలో, బేలూరు గుడి చెక్కాడని చెప్పుకునే జక్కన బొమ్మ దొరికింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, తలపాగా అంచుకు బంగారు రేకు, చేతిలో ఉలి, గుబురు మీసం. ఫొటో పెట్టాను చూడండి. దీన్ని ఆల్బమ్‌లో మిగతావాళ్ళ పక్కన పెట్టొచ్చా?

కోరమంగళ_రవి:
గోడకు తగిలించుకోండి శ్రీనుగారూ, ఆల్బమ్‌లో మాత్రం వద్దు. మీ దగ్గరున్న స్విస్ 100 ఫ్రాంకుల నోటు, 1998లో వచ్చింది, దాని మీదున్న శిల్పి జకొమెట్టికి ఫొటోలున్నాయి, అది ఆయన ముఖమే. మైకెలాంజెలో పతకం లియోనె లియోని 1560 ప్రాంతంలో, మనిషి బతికుండగానే చేశాడు, వెనక్కి తిప్పితే కుక్క దారి చూపిస్తుంటే నడిచే గుడ్డివాడు. ఇటలీ శిల్పి గిబెర్తి అయితే ఫ్లోరెన్స్ బాప్టిస్టరీ (బాప్తిస్మం ఇచ్చే మందిరం) తలుపుల్లో తన బట్టతలనే కంచులో పోతపోసి పెట్టుకున్నాడు. వీటి పక్కన జక్కనను పెడితే చూసేవాడు ఇదీ అలాంటిదే అనుకుంటాడు. బేలూరు శాసనాల్లో ఆయన పేరే కనబడదు. మనిషే ఉన్నాడో లేదో తేలనప్పుడు ఆ మీసం ఎక్కడ్నించి వచ్చింది?

తుమకూరు_కోడలు:
కాస్త ఆగు తమ్ముడూ. మా అత్తగారిది కైదాళ దగ్గర ఊరు. బేలూరు విగ్రహం రాతిలో కప్ప ఉందని కొడుకు డంకణ తప్పు పట్టుకోవడం, జక్కన తన చెయ్యి తానే నరుక్కోవడం, కైదాళలో చెన్నకేశవుణ్ణి చెక్కాక చెయ్యి తిరిగి రావడం, ఇవన్నీ అక్కడ చిన్నపిల్లల్ని అడిగినా చెప్తారు. కర్ణాటక ప్రభుత్వం శిల్పులకిచ్చే అవార్డూ ఆయన పేరు మీదే ఉంది. అలాంటి మనిషికి ముఖం గీస్తే నేరమా? మన పోతన పటానికి ఎవరు కూర్చున్నారు మరి?

కేఆర్‌పురం_కుర్రాడు:
తెలుగువాళ్ళకు ఈ గొడవే లేదు, 1964లో సినిమా వచ్చినప్పట్నించి జక్కన అంటే అక్కినేనే. శ్రీనన్నా, ఆ ముక్కు చూడు, అచ్చం నాగేశ్వరరావే!

కోరమంగళ_రవి:
నేను మొత్తుకునేదీ అదే! సినిమా చూసి గీసిన బొమ్మకు మనం 12వ శతాబ్దపు శిల్పి అని లేబుల్ రాసి దాచుకోవాలా? అక్కా, పోతన పటం దండం పెట్టుకోవడానికి, దాన్నెవరూ అసలు పోలిక అని చూపించరు. ఇటలీ రచయిత వసారి 1568లో తన కళాకారుల జీవితాల పుస్తకం రెండో కూర్పుకి ముఖచిత్రాలు వేయించాడు కదా, ముఖం దొరకని కొందరి దగ్గర చుట్టూ అలంకారం ఉంచి మధ్యలో ఖాళీగా వదిలేశాడు. (వేయించినవాటిలోనూ ఊహించినవి ఉన్నాయి, నిజమే, ఎలాగూ ఎవరో ఒకరు ఎత్తుతారు.) మనమూ ఖాళీ చట్రమే పెడదాం, కానీ దాని కింద రాయాల్సింది దాసోజ పేరు, అతని కొడుకు చావణ పేరు. 1117 నాటి బేలూరు గుడిలో మదనికల (అందగత్తెల శిల్పాల) పీఠాల మీద వాళ్ళ పేర్లు, ఊరు బళ్ళిగావి, బిరుదులతో సహా చెక్కి ఉన్నాయి. సోమనాథపురం వెళ్తే విగ్రహాల కింద మల్లితమ్మ పేరు. సంతకం చేసి మరీ పోయినవాళ్ళని వదిలేసి కథలోవాడికి మీసం దిద్దుతున్నాం.

తుమకూరు_కోడలు:
ఖాళీ చట్రం ఎవడు చూస్తాడు రవీ? బేలూరు ఎన్నిసార్లు వెళ్ళానో, దాసోజ పేరు ఇవాళ నీ నోటే వింటున్నా. నన్ను అక్కడికి లాక్కెళ్ళింది జక్కన కథే. మన రామప్ప గుడిదీ అదే సంగతి, శిల్పి పేరు మీద గుడి అంటేనే అందరికీ ఆసక్తి. బొమ్మ కింద ఊహాచిత్రం అని ఒక్క మాట రాస్తే తీరిపోయేదానికి ఇంత టెన్షన్ దేనికి?

మల్లేశ్వరం_శ్రీను:
లేబుల్ విషయంలో అక్క మాటే వింటాను, గీసినాయన పేరు, ఏడాది కూడా వెనక రాస్తాను. దాసోజకు మాత్రం ఖాళీ చట్రం ఎందుకు రవీ? కర్ణాటక శాసనాల్ని అచ్చువేసిన ఎపిగ్రాఫియా కర్ణాటికా హాసన్ సంపుటంలో బేలూరు శాసనాలున్నాయి, ఆ సంతకం లైను చిన్న కార్డు మీద అచ్చు వేయించి పెడతాను.

కోరమంగళ_రవి:
సంతకం ముఖచిత్రం ఎలా అవుతుంది శ్రీనుగారూ? అప్పుడు ఆల్బమ్ పేరే మార్చాలి.