వైర్లు లేని ఇంటి అలారం అర్ధరాత్రి ఊరికే మోగుతోంది. కొత్తది కొనాలా, ఉన్నదాన్ని బాగుచేసుకోవచ్చా?

తూర్పువీధి (కాకినాడ) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. నేను బ్యాంకు ఉద్యోగం చేసి విరమించినవాణ్ణి. నాలుగేళ్ల క్రితం మా అబ్బాయి సెలవులకు వచ్చినప్పుడు, గోడలు తవ్వి వైర్లు లాగే పని లేని దొంగల అలారం సెట్టు ఒకటి కొని, తనే బిగించి వెళ్లాడు. హాల్లో గోడకు ప్యానెల్, దాని కింద ఇనుప పెట్టెలో 12 వోల్టుల 7 ఏహెచ్ బ్యాటరీ, వీధి తలుపుకూ పెరటి తలుపుకూ డాబా తలుపుకూ అయస్కాంతం సెన్సార్లు, హాల్లో ఒకటి, మేడమీది గదిలో ఒకటి కదలికను పట్టే సెన్సార్లు, వరండాలో సైరన్ ఉన్నాయి. ప్యానెల్‌లో ఒక సిమ్ కార్డు ఉంది. అలారం మోగినప్పుడు నా ఫోనుకూ అబ్బాయి ఫోనుకూ కాల్ రావాలి.

గడిచిన నెలలో మూడుసార్లు రాత్రి రెండు గంటల ప్రాంతంలో సైరన్ మోగింది. మూడుసార్లూ ప్యానెల్ మేడమీది గది సెన్సార్‌నే చూపించింది. పైకి వెళ్లి చూస్తే కిటికీ గడియ కూడా కదిలి లేదు. మూడోసారి పక్కింటి పెద్దాయన గోడ మీదుగా తొంగిచూసి, "దొంగలు వస్తే మేమే అరుస్తాం, ముందు ఆ గోల ఆపండి మాస్టారూ" అన్నారు. మా ఆవిడ అలారాన్ని పూర్తిగా కట్టేయమంటోంది. వచ్చే నెల మేమిద్దరం రెండు నెలలపాటు బెంగళూరులో మా అమ్మాయి దగ్గర ఉండాలి కనుక, దాన్ని కట్టేసి వెళ్లడానికి నాకు మనసు ఒప్పడం లేదు. ఊళ్లో ఒక సర్వీసు అబ్బాయిని పిలిస్తే, మూత కూడా తీయకుండానే ఇది పాతబడిపోయింది, కొత్త సెట్టు వేయించుకోండి అని చెప్పి వెళ్లాడు. ఇంతవరకు ఒక్క సెల్లు కూడా మార్చలేదు. ప్యానెల్ మీద ఎర్ర లైటు ఎప్పుడూ వెలగలేదు కాబట్టి అంతా సవ్యంగానే ఉందనుకున్నాను. దీన్ని సొంతంగా సరిచేసుకునే మార్గం ఉంటే దయచేసి చెప్పండి.

హూటర్ మెకానిక్ (విజయవాడ)

తూర్పువీధి గారూ, కొత్త సెట్టు మాట తరవాత చూద్దాం, ముందు ఒక పూట కేటాయించండి. నేను పదిహేనేళ్లుగా ఇళ్లకూ దుకాణాలకూ అలారాలు బిగిస్తున్నాను. నన్ను సర్వీసుకు పిలిచిన ఇళ్లలో సామాను నిజంగా పాడైనవి తక్కువ, బిగించాక ఒక్కసారి కూడా మూత తీసి చూడనివి ఎక్కువ.

మీ సైరన్ ఊరికే మోగడం కన్నా, ఎర్ర లైటు వెలగలేదు కాబట్టి అంతా బాగుందని మీరు అనుకోవడం నన్ను ఎక్కువగా కంగారుపెట్టింది. బజారులో తక్కువ ధరకు దొరికే 433 మెగాహెర్ట్జ్ రేడియో సంకేతాలతో నడిచే సెట్లలో చాలావాటికి కబురు ఒకవైపే నడుస్తుంది. తలుపు తెరుచుకున్నప్పుడో ఎవరైనా కదిలినప్పుడో సెన్సార్ ప్యానెల్‌కు సంకేతం పంపుతుంది. ఆ తరవాత ఏమీ ఉండదు. నువ్వు ఉన్నావా అని ప్యానెల్ తిరిగి అడిగే ఏర్పాటు వాటిలో ఉండదు. అందువల్ల ఎవరూ తెరవని తలుపు మీద బాగా పనిచేస్తున్న సెన్సారూ, సెల్లు అయిపోయి ఏడాదైన సెన్సారూ ప్యానెల్ దృష్టిలో ఒకటే. రెండువైపులా మాట్లాడుకునే ఖరీదైన సెట్లలో ప్రతి సెన్సారూ కొంత వ్యవధికోసారి హాజరు పలుకుతుంది, పలకకపోతే ప్యానెల్ మీకు చెబుతుంది. మీది ఆ రకం కాదనే అనుకుంటున్నాను. కాబట్టి నెలకోసారి మీరే హాజరు తీసుకోవాలి: అలారాన్ని ఆర్మ్ చేసి (అంటే కాపలాకు పెట్టి), ఒక్కో తలుపూ తెరిచి, ఒక్కో గదిలో నడిచి, ప్యానెల్ ఏ జోన్ (ఏ సెన్సార్ నంబరు) చూపిస్తోందో కాగితం మీద రాసుకోండి.

ఇక మేడమీది గది. ఆ సెన్సార్ మనిషిని చూడదు, వేడిలో తేడాను చూస్తుంది. ముందున్న తెల్లటి ప్లాస్టిక్ కటకం గదిని విసనకర్ర మడతల్లా పట్టీలుగా విడగొడుతుంది. ఒంటి వేడి ఒక పట్టీలోంచి ఇంకో పట్టీలోకి దాటినప్పుడు లోపలి మూలకం దాన్ని పసిగడుతుంది. బల్లికి మన ఒంటిలాంటి వేడి లేకపోయినా, అది అరంగుళం దూరంలో కటకానికి అడ్డంగా పాకితే గది మొత్తం ఒక్కసారిగా మారినట్టే సెన్సార్‌కు తోస్తుంది. మన ప్రాంతంలో అర్ధరాత్రి అలారాలకు నేను చూసినంతలో మొదటి ముద్దాయి బల్లి, రెండోది సాలెగూడు, మూడోది అయిపోవస్తున్న సెల్లు. సెల్లు ఎందుకంటే, పాతబడిన సెల్లు మీద భారం లేనప్పుడు వోల్టేజీ బాగానే చూపించినా, సెన్సార్ సంకేతం పంపబోయే క్షణంలో అది ఒక్కసారిగా కుంగిపోతుంది, ఆ కుదుపుకు లోపలి సర్క్యూట్ తడబడుతుంది.

మూత తీసి, మెత్తని పొడి గుడ్డతో కటకం తుడవండి. స్పిరిటు, థిన్నరు వంటివి అసలు వాడకండి, ప్లాస్టిక్ మసకబారితే ఆ సెన్సార్ ఇక పనికిరాదు. సెల్లు మార్చాక రెండు మూడు నిమిషాలు ఆ గదిలోకి వెళ్లకండి, అది గదికి అలవాటుపడాలి. ఇంకో సంగతి, సెల్లు ఆదా కోసం ఈ సెన్సార్లు ఒకసారి సంకేతం పంపాక గదిలో కాసేపు అలికిడి లేకపోతే తప్ప మళ్లీ పంపవు. ఇది తెలియక చాలామంది దాని ముందు రెండోసారి చెయ్యి ఊపి, పలకలేదని పారేస్తారు.

పాత మల్టీమీటర్ (కర్నూలు)

పై సమాధానం బాగుంది కానీ, అన్ని సెల్లులూ ఒకేసారి మార్చడం దండగ అని నా అభిప్రాయం. మల్టీమీటర్ పెట్టి చూసి, తగ్గినవే మార్చుకోవచ్చు. మా ఇంట్లో సెన్సార్లకు మూడు వోల్టుల లిథియం సెల్లులు వేస్తారు; మూడేళ్ల తరవాత కూడా 2.9 చూపిస్తున్నాయి. మేడమీది సెన్సార్‌కు సున్నితత్వం తగ్గించే జంపర్ (రెండు పిన్నులను కలిపే చిన్న తొడుగు) లోపల ఉంటుంది, దాన్ని మారిస్తే బల్లుల గొడవ కూడా తీరుతుంది.

హూటర్ మెకానిక్

రెండు విషయాల్లోనూ మీతో ఏకీభవించలేకపోతున్నానండి. సీఆర్123ఏ వంటి లిథియం సెల్లు చివరిదాకా మూడు వోల్టుల దగ్గరే నిలబడి, అయిపోయే వేళకు ఒక్కసారిగా పడిపోతుంది. మీరు చూసిన 2.9 దాని ఆయుష్షు ఎంత మిగిలిందో చెప్పదు. లిథియానికి మీటరు కన్నా క్యాలెండరే మంచి సాక్షి. వేసిన తేదీని స్కెచ్ పెన్నుతో సెల్లు మీదే రాసి, తయారీదారు చెప్పిన గడువుకు మార్చేయాలి.

సున్నితత్వం తగ్గించడం మన ఎండలకు ఇంకా పొరపాటు. మనిషి చర్మం పైన వేడి 33, 34 డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెలలో తలుపులు మూసిన మేడగది గోడలు కూడా అంతకే చేరతాయి, ఒక్కోసారి దాటుతాయి. గోడకూ మనిషికీ తేడా లేనప్పుడు సెన్సార్‌కు అసలే చూపు ఆనదు. దాని సున్నితత్వం కూడా తగ్గిస్తే దొంగ తీరిగ్గా నడిచి వెళ్లొచ్చు. వేసవిలో నెలవారీ పరీక్షను మిట్టమధ్యాహ్నం చేయమని నేను చెప్పేది అందుకే.

తూర్పువీధి గారూ, ఒకటి అడగడం మరిచాను. ఈ నాలుగేళ్లలో ప్యానెల్ ఉన్న గోడ దగ్గర బీరువా, ఫ్రిజ్జు లాంటివి కొత్తగా ఏమైనా చేర్చారా? ఇనుప బీరువా ఈ సంకేతాలకు అడ్డుగోడ.

మూడో అంతస్తు (హైదరాబాద్)

అందరూ సెన్సార్ల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేను సిమ్ సంగతి చెబుతాను, ఎందుకంటే మా ఇంట్లో దెబ్బతిన్నది అక్కడే. నరసరావుపేటలో మా అమ్మానాన్నల ఇంటికి ఇలాంటి సెట్టే ఉంది. కిందటేడు వాళ్లు తిరుపతి వెళ్లిన రోజుల్లో గాలివానకు పెరటి తలుపు తెరుచుకుని, తీగ మీద బట్టలన్నీ తడిసి, సైరన్ దాని మానాన అది మోగి ఆగిపోయింది. నాకు మాత్రం కాల్ రాలేదు. ప్యానెల్‌లోని సిమ్‌కు రీఛార్జి గడువు ఐదు నెలల ముందే తీరిపోయింది. దాని గడువు దగ్గరపడిందని కంపెనీ పంపే మెసేజీలు ఆ సిమ్‌కే వెళ్తాయి, అంటే గోడకున్న పెట్టెలోకి వెళ్తాయి, వాటిని చదివేవారెవరు?

ఇప్పుడు ఏం చేస్తున్నానంటే, ఆ నంబరు గడువు తేదీని నా ఫోను క్యాలెండర్‌లో పెట్టుకున్నాను. డేటా అక్కర్లేని ఇలాంటి సిమ్‌ల కోసం ఇప్పుడు కాల్స్, మెసేజీలు మాత్రమే ఉండే ప్యాకులు దొరుకుతున్నాయి. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధనలు సవరించి, అలాంటి వోచర్లు తప్పక ఇవ్వాలని కంపెనీలకు చెప్పింది; ప్రత్యేక వోచర్ల గరిష్ఠ గడువును 90 రోజుల నుంచి 365 రోజులకు పెంచింది. ఏడాదికి సరిపడే ప్యాకు ఒకటి వేస్తే మధ్యలో మరిచిపోయే అవకాశం తగ్గుతుంది. మీ ప్యానెల్ 2జీ మాత్రమే పట్టేదైతే జియో సిమ్ అందులో పనిచేయదు, ఆ కంపెనీకి 2జీ నెట్‌వర్కే లేదు.

ప్యానెల్ నంబరును ఫోనులో సేవ్ చేసి, సైలెంట్‌లో ఉన్నా మోగేలా ప్రత్యేకించి పెట్టుకోండి. రాత్రి రెండింటికి వచ్చే కాల్ పొద్దున్నే మిస్డ్ కాల్‌గా కనిపిస్తే ప్రయోజనం లేదు. మీ అబ్బాయి నంబరు నాలుగేళ్లలో మారిందేమో కూడా చూడండి. ప్యానెల్ పాస్‌వర్డు కంపెనీ ఇచ్చిన 1234 గానే ఉంటే ఈ సందర్భంలోనే మార్చేయండి. ఊరు వెళ్లేముందు స్థానిక పోలీస్ స్టేషన్లో చెప్పడం ఎలాగూ మంచిదే. తాళం వేసిన ఇళ్లలో కెమెరా అమర్చి గమనించే ఎల్‌హెచ్‌ఎంఎస్ అనే ఏర్పాటును ఆంధ్రప్రదేశ్ పోలీసులు కొన్నేళ్ల క్రితం తెచ్చారు, మీ స్టేషన్లో ఇప్పుడు ఇస్తున్నారేమో అడగండి.

తూర్పువీధి

మీ అందరికీ కృతజ్ఞతలు. రెండు రోజులు నిచ్చెన దిగకుండా పనిచేశాను, చూసింది చూసినట్టు రాస్తున్నాను.

మేడమీది సెన్సార్‌ను గది మూలకు వాలుగా బిగించారు కాబట్టి దాని వెనక గోడకు మధ్య మూడు కోణాల ఖాళీ ఉంది. మరలు విప్పి చేతిలోకి తీసుకోగానే ఆ ఖాళీలో బఠానీ గింజలంత తెల్లటి బల్లిగుడ్లు రెండు, పక్కనే పగిలిన పెంకు ఒకటి కనిపించాయి. వెనక వైరు కోసం ఉంచిన రంధ్రంలోంచి పిల్లబల్లులు లోపలికి కూడా వెళ్లాయనడానికి సర్క్యూట్ మీద ఎండిన రెట్టలే సాక్ష్యం. పాత టూత్‌బ్రష్‌తో శుభ్రం చేసి, రంధ్రాన్ని సిలికోన్‌తో మూసి, సెల్లు మార్చి, ఈసారి ఖాళీ లేకుండా చదునైన గోడకు బిగించాను. గుడ్లను మా ఆవిడ ఒక కొబ్బరి చిప్పలో పెట్టి పెరట్లో మందార చెట్టు కింద ఉంచింది.

మెకానిక్ గారు కంగారుపడింది నిజమైంది. హాజరు తీసుకుంటే వీధి తలుపు పలికింది, పెరటి తలుపు పలికింది, డాబా తలుపు పలకలేదు. అందులోని 12 వోల్టుల చిన్న సెల్లు నాలుగు వోల్టులు చూపించింది. అది ఎన్నాళ్లుగా అలా ఉందో తెలియదు. మేడ మెట్లు బయటినుంచే కాబట్టి, ఇంటికంతటికీ దొంగకు అనువైన తలుపు అదే. కొత్త సెల్లు వేశాక కూడా ఐదుసార్లు తెరిస్తే ప్యానెల్‌కు రెండుసార్లే తెలిసింది. బీరువా గురించి అడిగారు కదా, కిందటి దసరాకు కొన్న బీరువాను సరిగ్గా ప్యానెల్ పక్కనే ఆనించి పెట్టాం. ప్యానెల్‌ను నాలుగడుగులు జరిపాక ఐదుకు ఐదూ పలికాయి.

బ్యాటరీ పరీక్ష కోసం ఉదయం ఎనిమిదింటికి ప్యానెల్ స్విచ్ ఆపాను. ఎనిమిదీ ఇరవైకి ప్యానెల్ ఆరిపోయింది. కొత్తది వేయించాను. ఇప్పుడు ఒక సందేహం: ఛార్జింగ్ సరిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి, ఈ పాత బ్యాటరీని ఏం చేయాలి?

హూటర్ మెకానిక్

కొత్త బ్యాటరీ నిండాక, కరెంటు ఉన్నప్పుడు దాని రెండు కొనల మధ్య 13.5 నుంచి 13.8 వోల్టుల దాకా ఉండాలి. 14 దాటి అక్కడే నిలబడితే ఛార్జర్ దాన్ని ఉడికిస్తున్నట్టు లెక్క, ఏడాదికే పొట్ట ఉబ్బుతుంది. 13 లోపే ఉంటే ఎప్పటికీ నిండదు. సరిగా ఉంటే మూడు నాలుగేళ్లు వస్తుంది, మన వేడికి అంతకన్నా ఆశించవద్దు. పరీక్ష కోసం కరెంటు ఆపినప్పుడు ప్యానెల్ వెలుగుతోందా అని మాత్రమే చూడకండి, నాలుగు గంటల తరవాత సైరన్ కూడా ఒకసారి మోగించండి, అసలు భారం దానిదే.

పాతదాన్ని చెత్తలో వేయకండి, లోపల సీసం, ఆమ్లం ఉంటాయి. కొత్తది కొన్న దుకాణంలోనే ఇస్తే తీసుకుంటారు, తూకానికి కొంత డబ్బు కూడా తగ్గిస్తారు. తీసుకెళ్లేటప్పుడు రెండు కొనలకూ ఇన్సులేషన్ టేపు చుట్టండి; సంచిలో తాళంచెవులు తగిలి నిప్పు రేగిన సందర్భం నేను చూశాను.

తూర్పువీధి

మీటరు 13.6 చూపించింది. సైరన్ పరీక్ష ఆదివారం పదకొండు గంటలకు పెట్టుకున్నాను. పక్కింటి పెద్దాయనకు ముందే చెప్పి వచ్చాను. అర నిమిషం దాటితే మాత్రం ఊరుకోను, గడియారం పట్టుకుని వరండాలో కూర్చుంటాను అన్నారు.